చిటికెడు ఉప్పు తక్కువ

రేవులపాడు సర్కారు ఆసుపత్రిలో రోగికి నయమైందో లేదో తేల్చడానికి రెండు పద్ధతులు ఉండేవి. ఒకటి డాక్టర్ భానుమూర్తి గారిది. నాడి, థర్మామీటరు, రక్తపరీక్ష. రెండోది వంటమనిషి నూకరత్నానిది. చారులో చిటికెడు ఉప్పు తక్కువ వేసి ఊరుకోవడం.

జ్వరపడ్డ మనిషికి నోరు చచ్చిపోయి ఉంటుంది. చారు పోసినా కుండలో నీళ్ళు పోసినా ఒకటే. తాగమన్నారు గనక తాగి, గిన్నె పక్కన పెట్టి, గోడకేసి తిరిగి పడుకుంటాడు. అలాంటివాడు ఒకనాడు రెండు గుక్కలు తాగి, మొహం చిట్లించి, "ఇదేం చారే తల్లీ, ఉప్పు లేదూ పాడూ లేదు!" అని కసురుకుంటాడు. ఆ కసురు చెవిన పడితే నూకరత్నానికి పండగ. పరుగున వెళ్ళి "మూడో మంచం ఆయనకి నోరు తిరిగొచ్చిందండి" అని డాక్టరు గారికి చెబుతుంది. ఆయన వెళ్ళి చూసి, రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. అంత చదువు చదివినాయనకి ఇది కొంచెం నామోషీయే. అయినా రౌండ్లకు బయల్దేరే ముందు వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "ఇవాళ ఎవరైనా ఉప్పు అడిగారామ్మా?" అని కనుక్కోనిదే ఆయనకు అడుగు ముందుకు పడేది కాదు.

ఇంత గురిగా ఉప్పు తక్కువ వేసే మనిషి, వండినదాన్ని వడ్డించక ముందు నాలుక మీద వేసుకుని ఎరగదు. అది అత్తగారు నేర్పిన పద్ధతి. ఒకరికి పెట్టబోయేది ముందు మనం రుచి చూస్తే ఎంగిలి. దేవుడికైనా ఎంగిలే, రోగికైనా ఎంగిలే. పొంగు వచ్చేటప్పటి వాసనను బట్టి పులుపు, గరిటె తిప్పేటప్పటి బరువును బట్టి చిక్కదనం, ఆవిరిని బట్టి ఉప్పు ఆమెకు తెలిసిపోయేవి. ఇరవై నాలుగు మంచాలకు పద్దెనిమిదేళ్ళుగా ఒక్కనాడూ గురి తప్పలేదు.

కూరగాయల విషయంలో ఆమెకు సిద్ధాంతాలేమీ లేవు. బుధవారం సంతకు ఏది ఎక్కువగా వస్తే అది తెచ్చేది. ఎండల్లో దోసకాయా మామిడికాయ ముక్కా, వానల్లో ఆనపకాయా బీరకాయా తోటకూర కాడలూ, చలి మొదలైతే చిక్కుళ్ళూ ముల్లంగీ గుమ్మడీ. వాటిని లేతగా ఉండగానే తరిగి, పెసరపప్పు ఉడికించిన కట్టులో వేసి, జీలకర్రా మిరియాలూ కరివేపాకూ పోపు పెట్టేది. ఏ కాలంలో కాసింది ఆ కాలంలో తినడం గొప్ప శాస్త్రమని ఆమెకు తెలియదు. అదేదో రాజధానిలో కనిపెట్టేదాకా ఎవరికీ తెలియదు.

రాజధానిలో ఒక పెద్దాయన ఏదో చలిదేశం వెళ్ళారట. అక్కడి హోటల్లో కూరగాయలు ఉడికించిన నీళ్ళు పింగాణీ గిన్నెలో పోసి ఇస్తే తాగి, ఇది మన రోగులకు ఎందుకు అందరాదని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. ఆయన కన్నీళ్ళు ఆరేలోపు పదకొండు పేజీల ఉత్తర్వు వచ్చేసింది. దాని పేరు 'ఋతు శాక ద్రవాహార పథకం'.

ఉత్తర్వు రేవులపాడు చేరిన వారమే పడవ సరంగు తాతబ్బాయి టైఫాయిడ్‌తో వచ్చి ఏడో మంచం ఎక్కాడు. అరవై అయిదేళ్ళ మనిషి. గోదావరి పాయలో నలభై ఏళ్ళు పడవ నడిపినవాడు. వరద నీళ్ళకు జంకనివాడు జ్వరానికి లొంగిపోయాడు. వెంట భార్య మాణిక్యం వచ్చింది. పిల్లలు లేరు. రేవులో పడవా, మంచం మీద మొగుడూ, ఈ రెండే ఆవిడ ఆస్తి. మొదటి వారం నూకరత్నం పోసిన బీరకాయ కట్టు నాలుగు గుక్కలు తాగేవాడు. రుచి తెలియకపోయినా లోపలికి పోయేది ఆ ఒక్కటే. రెండో వారానికి జ్వరం దిగుముఖం పట్టింది. సరిగ్గా అప్పుడే జీపులో ఘనశ్యామరావు గారు దిగారు.

ఘనశ్యామరావు గారు ద్రవాహార పథకానికి జిల్లా ప్రత్యేకాధికారి. చెడ్డవారు కారు. లంచం ముట్టరు, ఎవరినీ తిట్టరు. కాకపోతే ఉత్తర్వులో లేనిది లోకంలో ఉందని ఒప్పుకోరు. వంటింట్లోకి రాగానే తపేలా మూత తీయించి చూశారు.

"ఇది ఏమిటి?"

"ఆనపకాయ ముక్కలేసిన పెసరకట్టండి."

"దీనిని ఇకమీదట సూప్ అని వ్యవహరించవలెను."

"అలాగేనండి బాబూ. పేరు మారితే కాగడం మానేత్తాదేటండి?"

"ఏడవ నిబంధన ప్రకారం, సూప్ రోగులకు అందజేయుటకు పూర్వం దాని రుచిని ధృవీకరించవలెను. మీరు రుచి చూసి ఈ కార్డులో సంతకం చేయండి."

నూకరత్నం రెండడుగులు వెనక్కి వేసింది. "అమ్మమ్మ! నేను ఎంగిలి సేసి రోగులకి పెట్టనండి. కళ్ళు పోతాయండి."

ఘనశ్యామరావు గారు ఉత్తర్వు మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు. అందులో ఎంగిలి ప్రస్తావన లేదు. 'వంటమనిషి రుచి చూచుటకు నిరాకరణ. కారణము: అవగాహనా లోపము' అని రాసుకుని, తానే ఒక గరిటెడు గిన్నెలో పోయించుకున్నారు. ఒక గుక్క తాగారు. కనుబొమలు పైకి లేచాయి. రెండో గుక్క తాగారు. గిన్నె ఖాళీ చేసి, గొంతు సవరించుకున్నారు.

"ఉప్పు స్వల్పంగా తక్కువ."

నూకరత్నం మొహం విప్పారింది. "చల్లగా ఉండండి బాబూ. తమరి ఒంట్లో జొరం లేదండి."

ఆయన ఈ మాటను ఎక్కడ నమోదు చేయాలో తెలియక కాసేపు కార్డు వంక చూసి, వదిలేశారు.

వంటమనిషి చూడనంటే చూసేవాళ్ళు ఇంకొకరు ఉండాలి కదా. మర్నాటికి రుచి సంఘం ఏర్పడింది. కాంపౌండరు పేర్రాజు, హెడ్ గుమాస్తా, స్టోరు కీపరు, మరిద్దరు. ఒక్కొక్కరు రెండేసి గరిటెలు రుచి చూడాలి. మొదటిది పరిశీలనకు, రెండోది మొదటిదాన్ని రూఢి చేసుకోవడానికి. వేడి వల్ల అసలు రుచి మరుగున పడుతుంది గనక సూప్‌ను ఇరవై నిమిషాలు మూత తీసి చల్లార్చాలి. ఆ తర్వాత కార్డులో రంగు, వాసన, చిక్కదనం, పులుపు, ఉప్పు ఒక్కొక్కటీ తక్కువా, తగినంతా, ఎక్కువా అని గీతలు పెట్టాలి. అయిదు కార్డులూ ఏకాభిప్రాయానికి వస్తేనే తపేలా వార్డులోకి కదలాలి.

ఉప్పు దగ్గర ఏకాభిప్రాయం రాలేదు. నలుగురు తక్కువ అన్నారు. పేర్రాజుకు రక్తపోటు. ఇంట్లో భార్య ఉప్పు డబ్బా దాచి పెడుతుంది. ఆయన నాలుకకు ఈ కట్టు సముద్రంలా తగిలి, 'ఎక్కువ' అని గీత పెట్టాడు. ఏకాభిప్రాయం కోసం మూడోసారి రుచి చూశారు. నాలుగోసారి కూడా చూశారు. తేలేసరికి మధ్యాహ్నం రెండయింది. తపేలాలో అడుగున కాస్త కట్టూ, నాలుగు ఆనపకాయ ముక్కలూ మిగిలాయి. సంఘం తీర్మానం పూర్తయ్యేవరకు రోగులకు రొట్టే పాలూ ఇవ్వాలని పదో నిబంధన ముందుచూపుతో చెప్పనే చెప్పింది.

"అమ్మా, నలుగురూ తక్కువ అంటున్నారు గదా. ఆ చిటికెడూ వేసెయ్యరాదూ?" అన్నారు ఘనశ్యామరావు గారు, చాలా మంచిగానే.

"ఏసేత్తే ఎవుడికి తగ్గిందో, ఎవుడికి తగ్గలేదో నాకెలా తెలుత్తాదండి?"

"రోగనిర్ధారణ వంటశాల పరిధిలోనికి రాదమ్మా."

పక్కనే ఉన్న డాక్టర్ భానుమూర్తి గారు ఏదో అనబోయి మానేశారు. ఎంబీబీఎస్ చదివి, వంటమనిషి గరిటెను బట్టి డిశ్చార్జీలు రాస్తున్నానని ఏ నోటితో చెబుతారు పాపం.

మంచి రుచికి నాలుగు కాళ్ళుంటాయి. మొదటి వారానికి మండలంలో తోటకూర కాడల కట్టు మాట, రెండో వారానికి జిల్లా కార్యాలయంలో బీరకాయ కట్టు మాట పాకింది. రుచి సంఘానికి పైన ఒక పర్యవేక్షక సంఘం అవసరమని జిల్లావారికి హఠాత్తుగా తోచింది. ఏడుగురు సభ్యులు. ప్రతి ఉదయం పదకొండు గంటలకు టంచనుగా దిగేవారు. ఆఫీసుకు ఏనాడూ వేళకు రానివాళ్ళు కూడా దీనికి వేళకు వచ్చారు. అయిదూ ఏడూ పన్నెండు. పన్నెండు మందికి రెండేసి గరిటెలు. నూకరత్నం వండేది ఇరవై నాలుగు మంచాలకు ఇరవై నాలుగు గరిటెలు. ఏకాభిప్రాయం అక్కర్లేకుండానే సరిపోయింది.

అక్కడ ఏడో మంచం మీద తాతబ్బాయి రొట్టె ముక్క కొరికి, నమిలి, మింగలేక చేతిలోకి తీసేసుకుంటున్నాడు.

"అట్టముక్క నవిలినట్టుందే," అనేవాడు భార్యతో. "ఆ రత్నం పోసే నీళ్ళేయీ?"

"అవి ఆపీసర్లు సూత్తన్నారంటయ్యా. సూడటం అవ్వగానే ఇత్తారంట."

"ఇంకా సూత్తన్నారా? పడవ కొనేటప్పుడు కూడా అన్నాళ్ళు సూళ్ళేదే నేను!"

జ్వరం దిగి వారమైంది గానీ మనిషి లేవడం లేదు. దవడలు లోపలికి పోయాయి. డాక్టరు గారు రోజూ వచ్చి నాడి చూసి, పెదవి విరిచి వెళ్ళేవారు. ఒకనాడు మాణిక్యం వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"అమ్మాయ్, నోట్లోకి ఏదీ ఎల్లట్లేదే. ఇలాగయితే జొరం సంపకపోయినా రొట్టి సంపేత్తాది. నీకు దణ్ణం పెడతాను, ఒక్క గిన్నెడు దొంగతనంగానైనా పట్రా."

"ఊరుకో పిన్నీ. బాబాయికి కట్టు పొయ్యడానికి దొంగతనమేటి? రేపు మా ఇంట్లో వండి తెత్తాను," అంది నూకరత్నం.

అన్నట్టే తెల్లారి ఇంటి దగ్గర పొట్లకాయ కట్టు కాచి, స్టీలు క్యారేజీలో పోసి, మూత బిగించి తెచ్చింది. గేటు దగ్గరే ఆపేశారు. పదకొండో నిబంధన: బయటి నుండి వచ్చు ద్రవాహారమును సైతం రుచి ధృవీకరణ లేనిదే అనుమతించరాదు. క్యారేజీ లోపలికి వెళ్ళింది. ముప్పావుగంట తర్వాత ఖాళీగా, తోమిన తళతళతో బయటికి వచ్చింది. మూతకు ఒక కార్డు కట్టి ఉంది. 'ఉప్పు తక్కువ. తక్కిన అంశములు మిక్కిలి సంతృప్తికరము. మరికొంత పోపు ఉండవచ్చును.'

నూకరత్నం ఆ కార్డును నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. ఆ రోజు బీరకాయలు తరుగుతున్నంతసేపూ కత్తిపీట కొంచెం గట్టిగా చప్పుడు చేసింది.

పథకం మొదలైన పదిహేను రోజులకు సమీక్షా సమావేశం జరిగింది. ఘనశ్యామరావు గారు కళ్ళజోడు సర్దుకుని ప్రగతి నివేదిక చదివారు.

"హర్షదాయకమైన విషయం. గడచిన పదిహేను దినములలో ద్రవాహారముపై రోగుల నుండి ఒక్క ఫిర్యాదైనను అందలేదు. యావత్ రాష్ట్రములో సున్నా ఫిర్యాదులు గల ఏకైక ఆసుపత్రి మనది!"

చప్పట్లు మోగాయి. కాఫీలు అందిస్తున్న నూకరత్నం ఆగింది. "రోగులకి అందితే గదండీ, ఫిర్యాదు సెయ్యడానికి?"

"అందజేత వేరే విభాగమమ్మా," అన్నారాయన ఓర్పుగా. "మనది నాణ్యత."

ఆ నివేదిక రాజధానికి వెళ్ళింది. వాళ్ళు పొంగిపోయి, రేవులపాడును ఆదర్శ ద్రవాహార కేంద్రంగా ప్రకటిస్తామనీ, తనిఖీ బృందం స్వయంగా వచ్చి ఫలకం ఇస్తుందనీ జవాబు రాశారు. కింద ఒక చిన్న మెలిక పెట్టారు. 'ఉప్పు అంశములో సభ్యుల అభిప్రాయములు పరస్పర విరుద్ధముగా ఉన్నవి. ఇది నాలుకల పక్షపాతమును సూచించుచున్నది. కావున నిష్పక్షపాతమైన ఒకే ఒక్క నాలుకను గుర్తించి, దానికి మాత్రమే రుచి చూచు అధికారము ఇవ్వవలెను. ఇతరులెవ్వరూ రుచి చూడరాదు.'

నిష్పక్షపాతమైన నాలుక అంటే ఏమిటో అనుబంధంలో వివరించారు. గత ఇరవై దినములలో ఊరగాయ, కాఫీ, కిళ్ళీ, చుట్ట, వీధి బజ్జీ ముట్టని నాలుక.

ఘనశ్యామరావు గారు పన్నెండు మందినీ వరసలో నిలబెట్టి విచారణ మొదలుపెట్టారు. హెడ్ గుమాస్తా దవడలో విచారణ సమయంలోనే కిళ్ళీ ఉంది. స్టోరు కీపరు రోజుకు ఆరు కాఫీలు. పేర్రాజు ఉప్పు తినడు గనక అందరూ అతని మీద ఆశ పెట్టుకున్నారు. కానీ ఎంతో బుజ్జగించాక, ఇంట్లో ఉప్పు దాస్తారని పక్కింటివాళ్ళ దగ్గర రోజూ మాగాయ పెచ్చు పెట్టించుకుంటున్నట్టు ఒప్పుకున్నాడు. జిల్లావారి ఏడుగురికీ ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. చివరికి ఘనశ్యామరావు గారు తన నాలుకను తానే విచారించుకుని, మొన్న రాత్రి భోజనంలో దబ్బకాయ ఊరగాయ బద్ద వేసుకున్న సంగతి గుర్తొచ్చి, తన్ను తాను అనర్హుణ్ణిగా ప్రకటించుకున్నారు. నిజాయితీపరుడని చెప్పాను కదా.

"ఈ గోదావరి జిల్లాలో ఇరవై రోజులు ఊరగాయ ముట్టని నాలుక ఎక్కడ దొరుకుతుంది?" అని నెత్తి పట్టుకున్నారు.

తపేలా దించుతూ నూకరత్నం అంది, "ఒకటి ఉందండి. ఏడో మంచం మీద."

ఘనశ్యామరావు గారు ఉత్తర్వు మళ్ళీ మొదటి నుంచి చదివారు. నిష్పక్షపాతమైన నాలుక ఉద్యోగిదే అయి ఉండాలని ఎక్కడా లేదు. రోగిది కాకూడదని కూడా లేదు. డాక్టర్ భానుమూర్తి గారు ఈసారి ఎవరూ అడక్కుండానే ముందుకొచ్చి, "నిజమేనండి. ఇరవై మూడు రోజులుగా ఆ నోట్లోకి పాలూ రొట్టే తప్ప ఏదీ పోలేదు. దానికి నేను పూచీ," అన్నారు. కేస్ షీటు చూపించి సంతకం కూడా పెట్టారు.

ఆ మధ్యాహ్నమే తాతబ్బాయి చొక్కాకు పిన్నీసుతో 'ముఖ్య రుచి పరీక్షకులు' అనే బిళ్ళ తగిలించారు. పన్నెండు మంది సభ్యులూ వరండాలోకి తప్పుకున్నారు. నూకరత్నం గిన్నెడు బీరకాయ కట్టు పొగలు కక్కుతుండగా తెచ్చి, మాణిక్యం చేతికిచ్చింది. తాతబ్బాయి ఒక్కో గుక్కా తాగాడు. గిన్నె ఖాళీ అయింది. ఘనశ్యామరావు గారు కలం తీశారు.

"ఉప్పు?"

"ఏవీ తెలవట్లేదు బాబూ."

'ఎట్టి లోపమూ తెలియవచ్చుట లేదు' అని ఆయన రాసుకున్నారు. మిగిలినదాన్ని రుచి చూసే అధికారం ఎవరికీ లేదు గనక తపేలా తిన్నగా వార్డులోకి కదిలింది. ఇరవై మూడు రోజుల్లో మొదటిసారి ఇరవై నాలుగు మంచాలకూ వేడి వేడి కట్టు అందింది. వరండాలో పన్నెండు మంది పోపు వాసన పీలుస్తూ నిలబడ్డారు. జిల్లావారు మర్నాటి నుంచి రావడం మానేశారు. పర్యవేక్షణ అవసరం హఠాత్తుగా ఎలా తోచిందో అలాగే తీరిపోయింది.

రెండో రోజు తోటకూర కాడలు. 'ఎట్టి లోపమూ లేదు.' మూడో రోజు ఆనపకాయ. 'ఎట్టి లోపమూ లేదు.' ఘనశ్యామరావు గారికి రోజురోజుకూ ఉత్సాహం పెరుగుతుంటే నూకరత్నానికి గుండెల్లో దిగులు పెరిగింది. మనిషి కాస్త లేచి కూర్చుంటున్నాడు, నిజమే. కానీ నోరు రావడం లేదు. వారాల తరబడి పస్తు పడ్డ నోరు ఇక రాదేమోనని భయం పట్టుకుంది. పొయ్యి ముందు కూర్చుని, "బాబాయ్, ఒక్కసారి తిట్టు బాబాయ్," అనుకునేది లోలోపల.

అయిదో రోజు తనిఖీ బృందం వచ్చింది. ముగ్గురు పెద్దవాళ్ళు, ఒక ఫోటోగ్రాఫరు, వెల్వెట్ గుడ్డలో చుట్టిన ఫలకం. ఆ పొద్దున్నే సంతలోకి కొత్త చిక్కుళ్ళు వచ్చాయి. గింజ పట్టని లేత కాయలు. నూకరత్నం ఈనెలు తీసి, చేత్తోనే తుంచి, కట్టులో వేసింది. పోపు వాసన వార్డంతా చుట్టేసింది. ఉప్పు చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం ఆగింది. ఫలకం గుర్తొచ్చింది, ఘనశ్యామరావు గారి ఆరాటం గుర్తొచ్చింది. చిటికెడు వెనక్కి డబ్బాలో వేసేసింది.

ఏడో మంచం చుట్టూ అందరూ గుమిగూడారు. ఘనశ్యామరావు గారు పథకం ఘనతను గుక్క తిప్పుకోకుండా వివరించి, "ఇక ముఖ్య రుచి పరీక్షకుల వారు తమ అమూల్యాభిప్రాయాన్ని సెలవిస్తారు," అన్నారు. ఫోటోగ్రాఫరు ఒక కన్ను మూశాడు. తాతబ్బాయి గిన్నె ఎత్తి ఒక గుక్క తాగాడు. ఆగాడు. ఇంకో గుక్క నోట్లోనే ఉంచుకుని, కళ్ళు మూసుకుని, అటూ ఇటూ తిప్పాడు. మింగాడు. చిక్కుడు ముక్క ఒకటి పంటి కింద నలిపి చూశాడు.

"ఏవే రత్నం!" పడవ మీద నుంచి అవతలి ఒడ్డును పిలిచే గొంతు అది. "చిక్కుడుకాయ బంగారంలాగుంది గానీ, ఉప్పేదే? ఉప్పెయ్యడం మర్సిపోయేవేటే, బుద్ధి తక్కువదానా!"

ఘనశ్యామరావు గారి మొహం పాలిపోయింది. నూకరత్నం రెండు చేతులూ జోడించి, కళ్ళనీళ్ళు కారుతుంటే నవ్వుతూ, "ఇంకా తిట్టు బాబాయ్, ఇంకా తిట్టు," అంటోంది. మాణిక్యం మొగుడి కాళ్ళ మీద తల పెట్టేసింది. డాక్టర్ భానుమూర్తి గారు మంచం దగ్గర వేలాడుతున్న కేస్ షీటు తీసి 'డిశ్చార్జ్' అని రాసేశారు.

ఫలకం మళ్ళీ వెల్వెట్ గుడ్డలోకి, గుడ్డ జీపులోకి వెళ్ళిపోయాయి. సున్నా ఫిర్యాదుల ఆసుపత్రిలో ఫిర్యాదు నమోదైంది. అది కూడా నిష్పక్షపాతమైన నాలుక నుంచి. ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. మర్నాడే నూకరత్నానికి మెమో అందింది. హెడ్ గుమాస్తా చదివి వినిపించాడు.

'తనిఖీ దినమున ద్రవాహారములో ఉప్పును ఉద్దేశపూర్వకముగా చిటికెడు తగ్గించి పథకమునకు అప్రతిష్ఠ తెచ్చినందున, మీపై ఏల చర్య తీసుకొనరాదో ఏడు దినములలోగా ప్రత్యేకాధికారి వారికి స్వయముగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను. తగ్గించిన ఆ చిటికెడు ఉప్పును నమూనాగా సీలు వేసి జతపరచవలెను.'

"వెయ్యని ఉప్పుకి సీలెలా ఏత్తారండి?" అడిగింది నూకరత్నం.

"రూలు రూలే," అన్నాడు హెడ్ గుమాస్తా, కిళ్ళీ దవడ మార్చుకుంటూ.

ఉద్యోగం పోతుందని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది. తాతబ్బాయి ఇంటికి వెళ్తూ వెళ్తూ, "నా నోటి మూలంగా నీ నోటికాడ కూడు పోయిందే అమ్మాయ్," అని బాధపడ్డాడు. "ఊరుకో బాబాయ్, ముందు ఇంటికెళ్ళి ఆవకాయ ఎయ్యించుకో," అని పంపేసింది. ఆ రాత్రి దేవుడి దగ్గర దీపం పెట్టి, కాగితం ముక్కలో చిటికెడు ఉప్పు పొట్లం కట్టి, కొంగున ముడేసుకుంది.

సంజాయిషీ ఇచ్చుకోవడానికి జిల్లా కార్యాలయానికి వెళ్ళక్కర్లేకుండా పోయింది. ఘనశ్యామరావు గారే వచ్చేశారు. జీపులో కాదు, అంబులెన్సులో. జిల్లాలోని ఆసుపత్రులన్నీ తిరిగి, ఇరవై నిమిషాలు మూత తీసి చల్లార్చిన ద్రవాహారాలన్నీ శ్రద్ధగా రుచి చూసిన మనిషి. టైఫాయిడ్. ఖాళీగా ఉన్నది ఏడో మంచమే.

మొదటి రోజు నూకరత్నం ముల్లంగి కట్టు గిన్నెలో పోసి మంచం పక్కన పెట్టింది. ఆయన వణుకుతూనే రెండు గుక్కలు తాగి, కార్డు అడిగి తెప్పించుకున్నారు.

"ఉప్పు తగినంత. చాలా బాగుందమ్మా. చూశావా, వెయ్యదలిస్తే సరిగ్గా వెయ్యగలవు."

నూకరత్నం మొహం వాడిపోయింది. బయటికొచ్చి డాక్టరు గారితో, "సరిపోయిందంటన్నారండి," అంది దిగులుగా.

"అయ్యో," అన్నారు డాక్టరు గారు. "మందు మార్చి చూద్దాం."

మూడో రోజు 'తగినంత'. అయిదో రోజు కార్డు అడగలేదు, నీరసంగా చెయ్యి ఊపారు. నూకరత్నం మాత్రం వేళ తప్పలేదు. మెమో ఇచ్చినాయన కదా అని ఒక ముక్క తక్కువ వెయ్యలేదు, మెమో ఇచ్చినాయన కదా అని ఒక చిటికెడు ఎక్కువా వెయ్యలేదు. ఆరో రోజు తాతబ్బాయి లంక నుంచి పడవలో లేత గుమ్మడికాయ తెచ్చి వంటింటి గుమ్మంలో పెట్టి పోయాడు.

ఏడో రోజు. మెమోకు ఆఖరి గడువు. గుమ్మడికాయ ముక్కల పెసరకట్టు గిన్నెలో పోసి, కొంగు ముడిలోంచి పొట్లం తీసి పక్కన పెట్టి, నూకరత్నం చేతులు కట్టుకుని నిలబడింది. ఘనశ్యామరావు గారు దిండుకు జారబడి ఒక గుక్క తాగారు. కనుబొమలు మెల్లగా పైకి లేచాయి. రెండో గుక్క తాగారు. నాలుకతో పెదవులు తడుపుకున్నారు. చిన్నపిల్లాడిలా మొహం చిట్లించి, గిన్నెలోకి చూసి, గట్టిగా అన్నారు:

"ఏమమ్మా నూకరత్నం, చిటికెడు ఉప్పు తక్కువైందే!"

"ఆయ్. అదేనండి నా సంజాయిషీ," అంది నూకరత్నం.

ఆయన ఆమె మొహంలోకి చూశారు. పొట్లం వంక చూశారు. గిన్నెలోకి చూశారు. ఉత్తర్వులో ఎక్కడా లేనిదేదో లోకంలో ఉన్నట్టు ఆయనకు మొదటిసారి తెలిసి వచ్చినట్టుంది. పొట్లం విప్పబోయి, ఆగి, మడత అలాగే పెట్టి, దిండు కింద దాచుకున్నారు.

తర్వాత రెండు చేతులతో గిన్నె ఎత్తి, ఉప్పు తక్కువైన ఆ కట్టు చివరి చుక్కదాకా తాగి, ఇంకొంచెం పొయ్యమన్నారు.